లేఖలో లేని లెక్క

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చిరకాలంగా ఒక ఆచారం ఉన్నది. ప్రజలు ఎన్నుకొని పంపిన ప్రతినిధి రాజధానిలో తాను ఏమి చేసినదీ తన నియోజకవర్గ ప్రజలకు లేఖ ద్వారా తెలియజేస్తాడు. తపాలా బిళ్ళకు బదులు తన సంతకమే ఉంచి, ప్రభుత్వ వ్యయంతో ఆ లేఖను పంపుకొనే హక్కు ఆ దేశపు కాంగ్రెసు సభ్యులకు 18వ శతాబ్దంలోనే లభించినది. ఆ లేఖలలో రహదారులు ఉంటాయి, వంతెనలు ఉంటాయి, పన్నులు ఉంటాయి. గత కొన్ని సంవత్సరాలుగా వాటి సరసన మరొక శీర్షిక తరచుగా కనిపిస్తున్నది. అది మాజీ సైనికుల మానసిక ఆరోగ్య సంరక్షణ, అందుకై ఆ ప్రాంతానికి లభించిన నిధుల వివరం.

ఫలానా శాసనానికి మద్దతు ఇచ్చితిమనీ, ఫలానా పట్టణంలోని సంస్థకు ఇన్ని లక్షల డాలర్లు మంజూరు చేయించితిమనీ ప్రతినిధులు అందులో వ్రాస్తారు. ఈ ఆచారం మెచ్చదగినది. ఎన్నికలు ముగిసిన మరునాటి నుండి మరల ఎన్నికలు వచ్చువరకు ప్రతినిధి ముఖమే కనిపించదని వాపోయే మనకు ఇది ముచ్చటగా కూడ తోచును. అయితే ఆ లేఖలలో సాధారణంగా ఒక లెక్క ఉండదు. ఎంత ఇచ్చినారన్నది ఉంటుంది, ఎవరికి చేరినదన్నది ఉండదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం ఎంతటిదో, ఆ దూరంలో ఎందరు ప్రాణాలు కోల్పోయినారో తెలుసుకొనుటకు అమెరికా అనుభవమే చాలినంత సాక్ష్యం. ఆ అనుభవం నుండి మనమూ గ్రహించవలసినది కలదన్న నమ్మకంతోనే ఈ వ్యాసాన్ని మన కళాశాల విద్యార్థుల ముందు, పాలక సంఘ పెద్దల ముందు ఉంచుతున్నాము.

ముందుగా ఈ వ్యాధిని గురించి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. యుద్ధరంగం నుండి తిరిగి వచ్చిన మనిషి దేహంపై గాయం లేకపోవచ్చును. కాని అతనికి నిద్ర పట్టదు. పట్టినా అదే దృశ్యం మరల మరల కళ్ళ ముందుకు వస్తుంది. పెళ్ళి ఊరేగింపులో బాణసంచా పేలితే ఉలిక్కిపడి గోడ చాటుకు పోతాడు. భార్యాబిడ్డలతో మాట తగ్గిపోతుంది, కోపం పెరుగుతుంది, కొందరిలో మద్యపానం తోడవుతుంది. ఇది కొత్త వ్యాధి కాదు. అమెరికా అంతర్యుద్ధపు సైనికులలో గుండెదడ, ఆయాసం, కలత గమనించి డకోస్టా అనే వైద్యుడు 1871లో వ్రాసినాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో, చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు దీనిని 'షెల్ షాక్' అన్న పేరుతో వైద్య పత్రికలో వర్ణించినాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇది రణశ్రాంతి అనిపించుకొన్నది.

పేరు ఏదైనను, చాలకాలం వరకు లోకం దీనికి పెట్టిన అసలు పేరు పిరికితనం. మొదటి ప్రపంచ యుద్ధంలో పిరికితనం, పలాయనం మున్నగు నేరాలు మోపి బ్రిటిష్ సైన్యం తన సైనికులనే కాల్చి చంపినది. అటువంటి వారిలో 306 మందికి బ్రిటిష్ ప్రభుత్వం క్షమాపణ ప్రకటించుటకు 2006 వరకు వేచి ఉండవలసి వచ్చినది. వారిలో మనోవ్యాధి పీడితులు కూడ ఉండిరని పిమ్మట అంగీకరింపబడినది. తొంబది సంవత్సరాల తరువాత వచ్చిన క్షమాపణ ఎవరి చెవిని పడును?

వియత్నాం యుద్ధం అమెరికా కళ్ళు తెరిపించినది. 1970 ప్రాంతంలో న్యూయార్కు నగరంలో కొందరు యువ సైనికులు ఏ ఆసుపత్రికీ పోక, తమలో తాము కూడి కూర్చుండి, యుద్ధంలో తాము చూచినదీ చేసినదీ ఒకరికొకరు చెప్పుకొనసాగినారు. రాబర్ట్ లిఫ్టన్, ఖైమ్ షాటన్ అనే ఇద్దరు మనోవైద్యులు వారితో కూడ కూర్చుండి వినినారు. ఈ చిన్న సమావేశాలే తరువాత జరిగిన పెద్ద మార్పుకు బీజాలైనవి. 1980లో అమెరికన్ మనోవైద్యుల సంఘం తన వ్యాధుల పట్టిక మూడవ కూర్పులో ఈ బాధను ప్రత్యేక వ్యాధిగా చేర్చినది. నేడు లోకమంతా దీనిని పి.టి.ఎస్.డి. అని పిలుస్తున్నది. అనగా ఘోర ఆఘాతం తరువాత మనస్సును వెన్నాడే వ్యథ. కాంగ్రెసు ఆదేశంపై జరిగి 1988లో వెలువడిన ఒక పరిశీలన, వియత్నాం రణరంగంలో పనిచేసిన పురుషులలో సుమారు 30 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధికి లోనైనారని తేల్చినది.

శాసనకర్త తలచుకొంటే ఏమి చేయగలడో, అతడు ఎంత ఓపిక పట్టవలసి వచ్చునో కూడ ఈ కథలోనే ఉన్నది. కాలిఫోర్నియా సెనేటరు అలన్ క్రాన్‌స్టన్ ఈ సైనికులకు మానసిక సలహా కేంద్రాలు కావలెనని 1971 నుండి ప్రయత్నించినాడు. సెనేటు ఒప్పుకొన్నా ప్రతినిధి సభ ఒప్పుకొనలేదు. ఎనిమిది సంవత్సరాలు గడిచినవి. చివరకు 1979లో శాసనం అయినది. అప్పుడు మాజీ సైనికుల శాఖకు అధిపతిగా ఉన్న మాక్స్ క్లీలండ్ స్వయంగా వియత్నాంలో రెండు కాళ్ళు, ఒక చేయి పోగొట్టుకొన్నవాడు. బాధ ఎరిగిన మనిషి పీఠంపై ఉండుట వలన పని సులభమైనదని మేము భావిస్తున్నాము.

అట్లు ఏర్పడినవే 'వెట్ సెంటర్లు'. వీటి విశేషం గమనింపదగినది. ఇవి ఆసుపత్రి ఆవరణలో ఉండవు. బజారులో ఒక సామాన్యమైన అద్దె గదిలో ఉంటాయి. సలహా చెప్పేవారిలో అనేకులు స్వయంగా యుద్ధం చేసి వచ్చినవారే. అక్కడ చెప్పుకొన్న మాట ఆసుపత్రి దస్త్రంలోకి పోదు. భార్యాబిడ్డలకు కూడ అక్కడ చోటు ఉంటుంది. ఆసుపత్రి మెట్లు ఎక్కుటకు సిగ్గుపడే మనిషి ఆ గదిలోకి మాత్రం టీ త్రాగుటకు వచ్చినట్లు రాగలడు. 1981లో కొత్తగా వచ్చిన ప్రభుత్వం పొదుపు పేరుతో వీటిని ఎత్తివేయదలచినది. కాంగ్రెసు అడ్డుపడి నిలబెట్టినది. నేడు అటువంటి కేంద్రాలు దాదాపు 300 ఉన్నవి. దూర గ్రామాలకు పోయి వచ్చే సంచార వాహనాలు 80కి పైగా ఉన్నవి. గది చిన్నదైనను, ద్వారం దగ్గరగా ఉన్నది. అదే దాని బలం.

ఆ తరువాత ఇరాక్, ఆఫ్‌ఘనిస్థాన్ యుద్ధాలు వచ్చినవి. శాసనాలు కూడ వరుసగా వచ్చినవి. 2007లో ఒక శాసనం ప్రతి మాజీ సైనికుల వైద్యాలయంలోనూ ఆత్మహత్యల నివారణకు ప్రత్యేకాధికారి ఉండవలెనన్నది. అదే సంవత్సరం అత్యవసర టెలిఫోను కేంద్రం ఆరంభమైనది. 2022 నుండి 988 అనే మూడంకెలు నొక్కి, పిమ్మట 1 నొక్కితే చాలు, అది పలుకుతున్నది. 2015లో మరొక శాసనం, 2020లో ఇంకొకటి వచ్చినవి. 2007, 2015, 2020 సంవత్సరాల ఈ మూడు శాసనాలకూ ఆత్మహత్య చేసుకొన్న ఒక్కొక్క సైనికుని పేరు ఉన్నది. ఇది మమ్ము మిక్కిలి కలచివేసిన విషయం. ఒక్కొక్క శాసనం వెనుక ఒక్కొక్క సమాధి, ఆ సమాధి వద్ద నుండి లేచి రాజధానికి నడచిన ఒక్కొక్క కుటుంబం ఉన్నారు. తల్లి కన్నీరు పెట్టిన పిమ్మట గాని సభ కదలకపోవుట ఒక్క అమెరికాకే చెల్లిన దోషం కాదు.

2020 నాటి ఇంకొక శాసనం ప్రకారం 2023 జనవరి 17 నుండి, ప్రాణం తీసుకొనదలచిన స్థితిలో ఉన్న మాజీ సైనికుడు ఏ ఆసుపత్రికి పోయినను, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, 30 దినాల వరకు అక్కడే ఉంచి చేసే వైద్యానికీ, 90 దినాల వరకు వచ్చిపోతూ పొందే వైద్యానికీ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. అతడు అంతకు ముందు ఆ శాఖలో పేరు నమోదు చేసుకొని ఉండవలెనన్న నియమం కూడ లేదు. ఇది ఉదారమైన శాసనం.

ఇక ధనం మాట. 2025 ఆర్థిక సంవత్సరానికి మాజీ సైనికుల మానసిక వైద్యం కొరకు ఆ శాఖ కోరిన మొత్తం 1,700 కోట్ల డాలర్లకు పైబడినది. చాల దేశాలకు ఇది కలలోని మాట. ఇంత ధనం, ఇన్ని శాసనాలు ఉన్నను, 2022లో ఆ దేశంలో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకొన్నారని ఆ శాఖ స్వయంగా ప్రకటించినది. సగటున దినానికి 17 మందికి పైగా అన్న మాట. ఇది చదివి ధనమంతా వృథా అయినదని ఎవరైనా తొందరపడి అనవచ్చును. అది న్యాయం కాదు. ఈ వ్యాధికి చికిత్స ఉన్నది. మాటల ద్వారా జరిపే చికిత్సా పద్ధతులతో వేలాదిమంది కోలుకొని కుటుంబాలతో సుఖంగా ఉన్నారు. అసలు రహస్యం మరొక అంకెలో ఉన్నది. 2022లో అట్లు మరణించినవారిలో సుమారు పదింట ఆరుగురు ఆ సంవత్సరంలో గాని, దానికి ముందటి సంవత్సరంలో గాని ఆ శాఖ వైద్యాలయం గడప తొక్కినవారు కారు.

ద్వారం లోపల వైద్యుడు ఉన్నాడు. ద్వారం బయట మనిషి మరణించినాడు. ప్రతినిధి లేఖలో లోపలి ఖర్చు ఉన్నది, బయటి మనిషి లేడు. మేము లేఖలో లేని లెక్క అన్నది దీనినే.

లేఖలోని అంకెలు కూడ ఎల్లప్పుడూ నిజం పలకవన్నది మరొక పాఠం. 2014లో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరపు మాజీ సైనికుల వైద్యాలయంలో ఘోరం బయటపడినది. రోగి కోరిన 14 దినాలలోపు వైద్యుడు చూడవలెనన్నది పై నుండి వచ్చిన లక్ష్యం. ఆ లక్ష్యం నెరవేరినట్లు చూపుటకు అసలు నిరీక్షణ కాలాన్ని దాచి, వేరే జాబితాలు నడిపినారు. పై అధికారులకు చేరిన కాగితంలో అంతా సవ్యంగానే ఉన్నది. ఆ జాబితాలలో పేరున్నవారు మాత్రం నెలల తరబడి ఎదురుచూచినారు. దేశమంతటా గగ్గోలు పుట్టి, ఆ శాఖ మంత్రి ఎరిక్ షిన్‌సెకి 2014 మే 30న రాజీనామా చేసినాడు. ఆయన కూడ వియత్నాంలో గాయపడిన యోధుడే. మంత్రి సద్భావం ఒక్కటే చాలదనీ, అంకె వ్రాసేవాడే దాని వలన లాభపడేవాడైతే ఆ అంకెను నమ్మరాదనీ ఈ ఉదంతం తెలుపుతున్నది.

మరి స్థానిక నిధుల సంగతి ఏమి? ఇక్కడ అమెరికా రెండు మంచి పనులు చేసినదని మా అభిప్రాయం. సభ్యులు తమ ప్రాంతపు పనులకు పేరు పెట్టి నిధులు కోరే పద్ధతి దుర్వినియోగమై 2011లో నిలిపివేయబడినది. 2021లో దానిని మరల తెచ్చునపుడు ప్రతినిధి సభ షరతులు విధించినది. సభ్యుడు తాను ఏమి కోరినదీ బహిరంగంగా ప్రకటించవలెను. అందులో తనకు గాని తన కుటుంబానికి గాని ధనలాభం లేదని వ్రాసి ఇవ్వవలెను. ఆ పనిని స్థానికులు నిజంగా కోరుతున్నారనుటకు ఆధారం చూపవలెను. ఇది మొదటిది.

రెండవది, 2020 శాసనం క్రింద మొదలైన స్థానిక సంస్థల సహాయ పథకం. ఆ శాసనాన్ని ముందుకు నడిపినవారిలో మోంటానా సెనేటరు జాన్ టెస్టర్ ఒకరు. మోంటానా విశాలమైన రాష్ట్రం, జనం పలుచన, వైద్యాలయం ఒక్కొక్క ఊరికి ఎంతో దూరం. ప్రభుత్వ వైద్యాలయానికి రానివారి వద్దకు వారి ఊరి సంస్థలే పోవలెనన్న ఆలోచన అట్టి చోట సహజం. ఒక్కొక్క సంస్థకు 7,50,000 డాలర్లకు మించకుండ ఇచ్చే ఈ పథకం క్రింద 2022లో తొలి విడతగా 80 సంస్థలకు 5 కోట్ల 25 లక్షల డాలర్లు అందినవి. పైన చెప్పిన 1,700 కోట్ల ప్రక్కన ఇది ఎంత చిన్న మొత్తమో గమనించండి. బయట ఉన్నవారు పదింట ఆరుగురు కాగా, వారిని వెదకుటకు పెట్టిన ఖర్చు సముద్రంలో చెంబెడు నీరు.

ధనం ఉన్నంత మాత్రాన మనుషులు ఉండరన్నది కూడ ఈ మధ్యనే తేలినది. 2025లో అక్కడి ప్రభుత్వం ఈ శాఖ ఉద్యోగుల సంఖ్యను తగ్గించ బూనినది. తొలుత 80,000 మంది వరకు తగ్గింతు మన్నారు. విమర్శలు రాగా, ఖాళీలు నింపక వదిలివేయుట మొదలగు పద్ధతుల ద్వారా సుమారు 30,000 మేరకు తగ్గుతారని ప్రకటించినారు. వైద్యులపై దీని భారం పడదని అధికారులు అన్నారు. కాని టెలిఫోను ఎత్తి సమయం ఇచ్చే గుమాస్తా లేనప్పుడు లోపలి వైద్యునికి రోగి ఎట్లు కనిపించును?

ఇంత సంపన్న దేశపు వ్యవహారంతో మనకేమి పని అని పాఠకులు అడుగవచ్చును. మా సమాధానం ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయ సైనికులు సముద్రాలు దాటి పోరాడినారు. మన పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం ఆనాటి నుండి తరతరాలుగా సైన్యానికి బిడ్డలను పంపి మిలిటరీ మాధవరం అన్న పేరు గడించినది. సికింద్రాబాదు రెండు శతాబ్దాలకు పైగా దండు ఊరు. నేడు మన దేశంలో ఏటా సుమారు 60,000 మంది సైన్యం నుండి విశ్రాంతి పొందుతున్నారు. వారిలో అధికులు ముప్పది అయిదు, నలుబది ఏండ్ల వయస్సువారే. బ్యాంకుల ముందు, కర్మాగారాల ముందు, కళాశాలల ద్వారాల వద్ద పాత టోపీ సవరించుకొంటూ కూర్చుండే కావలివారిలో ఎందరో మాజీ సైనికులు. ఉదయం మనకు సలాము చేసే ఆ మనిషి రాత్రి నిద్రపోయినాడో లేదో మనం ఎన్నడైనా అడిగినామా?

మన ప్రభుత్వం ఏమీ చేయలేదనుట సత్యం కాదు. మాజీ సైనికుల వైద్య పథకం 2003 ఏప్రిల్ 1న ఆరంభమైనది. దేశమంతటా దాని పాలీక్లినిక్‌లు 400కు పైగా ఉన్నవి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఖర్చు పంచుకొని నడిపే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నవి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మానసిక వైద్యాన్ని పౌరుని హక్కుగా చేసినది. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవానిగా భావించి ఆదుకొనవలెను తప్ప శిక్షింపరాదన్నది. 2022 అక్టోబరు 10న టెలిమానస్ అనే ఉచిత టెలిఫోను సహాయం మొదలైనది. దాని సంఖ్య 14416. రాత్రింబవళ్ళు తెలుగు మొదలుగా పలు భాషలలో అక్కడ మాట్లాడవచ్చును. సైనికుల కొరకు, వారి కుటుంబాల కొరకు 2023 డిసెంబరు 1న పూణెలోని సైనిక వైద్య కళాశాలలో దానికి ప్రత్యేక విభాగం తెరిచినారు. 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి తొలిగా ఎన్నికైన నాలుగు జిల్లాలలో మన మెదక్ ఒకటి. కావున మనకు ఈ ఆలోచన కొత్తదేమీ కాదు.

అయినను మన స్థానిక నిధుల కట్టడిలో ఒక మెలిక ఉన్నది. పార్లమెంటు సభ్యుడు తన నియోజకవర్గంలో ఏటా 5 కోట్ల రూపాయల పనులు సూచించే పథకం 1993లో పుట్టినది. అది ప్రధానంగా స్థిరంగా నిలిచే కట్టడాలకు, ఆస్తులకు ఉద్దేశింపబడినది. జీతభత్యాలకు ఆ ధనం వాడరాదు. అనగా సభ్యుడు తలచుకొంటే మానసిక సలహా కేంద్రానికి గది కట్టించగలడు, కుర్చీలు వేయించగలడు, ద్వారంపై శిలాఫలకం ఉంచగలడు. ఆ కుర్చీలో కూర్చుండి వినే మనిషికి నెలకు ఒక రూపాయి ఇవ్వలేడు. మనస్సు వ్యాధికి మందు గోడలలో లేదు, వినే చెవిలో ఉన్నది. ఈ నియమాన్ని సడలించి, జిల్లా సైనిక కార్యాలయాలలో శిక్షణ పొందిన సలహాదారునికి జీతం ఇచ్చే మార్గం చూపుమని మన ప్రతినిధులను కోరవలెనని మేము భావిస్తున్నాము. నియమం మారునంతవరకు రాష్ట్ర ప్రభుత్వ పద్దులోనైనా దానికి చోటు కల్పింపవలెను.

వ్యాధి వచ్చినవానిని మన ఇండ్లలో పెద్దలు దర్గాకు గాని, దేవాలయానికి గాని తీసుకొనిపోవుట కద్దు. ప్రార్థనను మేము చిన్నచూపు చూడము. కలత చెందిన గుండెకు అది ఊరట. కాని ప్రార్థన వైద్యానికి తోడు కావలెను గాని వైద్యానికి అడ్డు కారాదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో బంధింపబడిన 28 మంది మనోరోగులు అగ్నికి ఆహుతి అయిన దుర్ఘటనను మన సమాజం మరువరాదు. విశ్వాసం మనిషిని సేదతీర్చవలెను, సంకెల వేయరాదు.

ఉర్దూలో 'అమానత్' అన్న గొప్ప మాట ఉన్నది. ఒకరు నమ్మి మన చేతిలో ఉంచిన సొత్తు అని దాని భావం. దానిని యథాతథంగా హక్కుదారునికి అప్పగించినప్పుడే మన బాధ్యత తీరుతుంది. ప్రజాధనం అమానత్. దానిని ఖజానా నుండి బయటికి తీసినంత మాత్రాన ప్రతినిధి బాధ్యత తీరదు. అది హక్కుదారుని చేతిలో పడవలెను. ఈ దృష్టితో చూచినప్పుడు ఏ దేశంలోనైనా ప్రజాప్రతినిధి లేఖ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పవలెనని మేము అంటాము. బాధితుడు మొదటిసారి తలుపు తట్టిన నాటి నుండి వైద్యుని చూచువరకు ఎన్ని దినాలు పట్టినవి? అందుకై అతడు ఎంత దూరం పోవలసి వచ్చినది? అంతకు ముందు ఎన్నడూ రానివారు ఈ సంవత్సరం ఎందరు వచ్చినారు? ఈ అంకెలు ఇచ్చినవారు చెప్పినవా, పుచ్చుకొన్నవారు చెప్పినవా?

పెద్దలకు ఇన్ని ప్రశ్నలు వేసిన మనం మన వంతు ఏమి చేయగలమన్నది కూడ చెప్పవలెను. కళాశాల పాలక సంఘానికి మా విన్నపం మూడు విషయాలు. సంవత్సరానికి ఒక దినమైనను జిల్లా సైనిక సంక్షేమాధికారిని, ఒక మనోవైద్యుని మన ఆవరణకు ఆహ్వానించి, చుట్టుపట్ల మాజీ సైనికులను, వారి ఇల్లాండ్రను పిలువవలెను. సభావేదిక, శాలువాలు లేకుండ, ఒక గది, నాలుగు బల్లలు, టీ చాలును. రెండవది, తెలుగులోనూ ఉర్దూలోనూ 14416 సంఖ్యను ప్రకటన పలకపై శాశ్వతంగా వ్రాయించవలెను. అది సైనికులకే కాదు, పరీక్ష తప్పి చీకటిలో కూర్చుండే విద్యార్థికి కూడ పనికివచ్చును. మూడవది, మన ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులచేత ఈ పట్టణంలోని మాజీ సైనికుల ఇండ్లకు పోయి పలుకరించే పని చేయించవలెను. కవాతు నేర్చిన విద్యార్థి కవాతు చేసి వచ్చిన పెద్ద ముందు పది నిమిషాలు కూర్చుండి వినుట కూడ శిక్షణలో భాగమే.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. మీలో కొందరి తండ్రులు, తాతలు, మేనమామలు సైన్యంలో పనిచేసినవారై ఉందురు. వారు మితభాషులైతే గర్వమనుకొనవద్దు, కోపిష్టులైతే స్వభావమనుకొనవద్దు. ఎన్నడూ చెప్పని మాట ఒకటి వారి గుండెలో ఉండవచ్చును. న్యూయార్కులో ఆ యువకులు మొదలుపెట్టిన పనికి శాసనం లేదు, నిధి లేదు. ఒకరు చెప్పినారు, మరొకరు వినినారు. శాసనం వెనుక నుండి నడచి వచ్చినది. మన ప్రతినిధులకు మనం లేఖలు వ్రాయుదము, జవాబులు కోరుదము, అది మన హక్కు. అవి వచ్చులోగా, నేటి సాయంకాలం కళాశాల విడిచి పోవునప్పుడు, ద్వారం వద్ద కూర్చున్న ఆ పెద్దమనిషి సలాముకు బదులు సలాము చేసి, ఒక నిమిషం నిలిచి, క్షేమమేనా చాచా అని అడుగుదము. లేఖలో లేని లెక్కకు మొదటి అంకె అక్కడ పడును.